వానల్లో పోర్చుగల్, నీలం టైల్స్ వెంట

జనవరిలో పోర్చుగల్ ఎందుకే, వానలు కదా అంది అక్క. నిజమే, పోర్టోలో మూడ్రోజులూ ముసురే, కానీ జనం లేరు కాబట్టే టైల్స్ టూర్లో సావో బెంతో రైల్వే స్టేషన్లో గంటన్నర హాయిగా నిలబడ్డాం, దాదాపు 20,000 బొమ్మల టైల్స్ అక్కడ, గైడమ్మ టార్చి వేసి ఒక గుర్రం కాలు ఒక పలక మీంచి పక్క పలక మీదికి గీత తప్పకుండా ఎలా సాగిందో చూపించింది. లిస్బన్ టైల్స్ మ్యూజియంలో 1755 భూకంపానికి ముందటి ఊరంతా ఒకే పొడవాటి ప్యానెల్లో ఉంది, అది చూస్తుంటే మన హైదరాబాద్ పాతబస్తీలోని బాద్‌షాహీ అషుర్‌ఖానా టైల్స్ గోడలు గుర్తొచ్చి గొంతు పట్టేసింది. మనకీ ఇలాంటి టైల్స్ టూర్ ఒకటి రెగ్యులర్‌గా ఉండాలబ్బా! జనవరిలో పోర్చుగల్ హోటల్ రేట్లూ బాగా తక్కువే. జారని బూట్లు మాత్రం తీసుకెళ్లండి, అక్కడి ఫుట్‌పాత్‌లు సున్నపురాయి ముక్కలు, తడిస్తే సర్రున జారతాయి.