పావంగుళం ప్లగ్గు

ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

రోజంతా ఒక్క ప్లగ్గుతోనే గడిచింది. ఇంజన్‌లో ఆయిల్ దారి కొసను మూసే మర బిరడా అది. రెండుసార్లు సబ్బు పెట్టి కడిగినా గోళ్ల సందుల్లో నలుపు పోలేదు.

నాన్న జీపు ఇంజన్ విప్పి మూడు నెలలైంది. మహీంద్రా పెట్రోలు బండి, నాలుగు సిలిండర్ల హరికేన్ ఇంజన్. కోవూరు పొలాల నుంచి మొలగొలుకుల బస్తాలను పెన్న దాటించి నెల్లూరు చేర్చింది ఈ బండే. సిలిండర్లను లోపల తొలిచి సాపు చేసే బోరింగ్ పని ముగించుకుని ఇంజన్ బ్లాకు మొన్ననే ఇంటికొచ్చింది. పైకి అద్దంలా ఉంది కానీ, నా బెంగంతా లోపలి ఆయిల్ దారుల గురించే. బోరింగ్‌లో రాలిన ఇనుప రజను, ఏళ్లనాటి జిడ్డు కలిసి ఆ దారుల కొసల్లో పేరుకుంటాయి. ప్లగ్గులు తీయకుండా ఎంత గాలి కొట్టినా అది పూర్తిగా రాదు. ఇంజన్ స్టార్ట్ చేయగానే కొత్త బేరింగులను గీకేసేది ఆ రజనే.

పొద్దున్నే మేస్త్రీ వచ్చారు. క్లచ్ ఉండే ఫ్లైవీల్ వైపు ప్లగ్గు ఎంత తిప్పినా కదల్లేదు. గ్యాస్ మంటతో దాన్ని బాగా వేడి చేసి, మంట తీసేసి, అంచుకు కొవ్వొత్తి తాకించారు. మైనం కరిగి మరల్లోకి ఇంకిపోయింది.

"ఇప్పుడు తిప్పు బాబూ, మెల్లగా."

కిర్రుమని కదిలింది. వెనకాలే వేలెడు మేర తారులాంటి ముద్ద! సన్నటి పొడవాటి బ్రష్షుతో, కిరసనాయిలుతో నాలుగుసార్లు తోమితే గానీ గుడ్డకు మరక అంటడం ఆగలేదు.

అసలు చిక్కు ఆ తర్వాత మొదలైంది. నేను నిన్న కొన్న పావంగుళం ప్లగ్గు రెండు చుట్లు తిరిగి బిగుసుకుంది. ఇంకాస్త బలం పెట్టబోతుంటే మేస్త్రీ నా చెయ్యి పట్టుకుని ఆపి, మరలు కొలిచే గేజి అడిగారు. ఈ ఇంజన్‌ది అమెరికా మర, అంగుళానికి 18 చుట్లు. నేను తెచ్చింది మన కొళాయి గొట్టాల మర, 19 చుట్లు. కోణాలూ వేరు, దీనిది 60 డిగ్రీలైతే దానిది 55. పేరుకు రెండూ పావంగుళమే, కొలిస్తే రెండూ అర అంగుళానికి పైనే ఉన్నాయి! బలవంతంగా తిప్పి ఉంటే మర పాడయ్యేది, పోత ఇనుము చిట్లినా చిట్లేది.

ఆటోనగర్‌లో మూడో దుకాణంలో సరైనది దొరికింది. తెచ్చి ఊరికే చేత్తో బిగించి, మెయిన్ బేరింగ్ రంధ్రంలోంచి సన్న తీగ తోశాను. సగంలోనే ఆగింది. ప్లగ్గు కాస్త పొడవు, దాని ముక్కు బేరింగుకు ఆయిల్ వెళ్లే అడ్డ రంధ్రాన్ని సగం మూసేస్తోంది. తీగ పెట్టి చూడాలని నాకు తోచకపోయి ఉంటే ఆ బేరింగు సగం ఆయిల్‌తోనే తిరిగేది. అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడగా ఉంది. ఆకురాయితో ముక్కు వైపు మూడు మిల్లీమీటర్లు అరగదీశాను. తీగ హాయిగా దూరిపోయింది.

మరలకు తెల్ల టేపు చుట్టమని దుకాణంలో చెప్పారు. నేను ఒప్పుకోలేదు. దాని పోగొకటి తెగి లోపలికి పోతే ఇంత శుభ్రం చేసిన దారికి మళ్లీ అడ్డమే. మొదటి రెండు చుట్లు పొడిగా వదిలి, మిగతా మరలకు సీలెంట్ పల్చగా రాశాను. చేత్తో ఆగేదాకా తిప్పి, పానాతో ఇంకో చుట్టున్నర బిగించాను. ఏటవాలు మర కాబట్టి ఎంత తిప్పితే అంత లోపలికి పోతూ చుట్టూ ఉన్న ఇనుమును విడదీస్తుంది. ఎక్కడ ఆపాలో చేతికే తెలియాలి. ఈ ప్లగ్గు కారితే ఆయిల్ క్లచ్ పలకకు అంటుతుంది, గేర్‌బాక్సు దించితే గానీ దాన్ని ముట్టుకోలేం.

చీకటి పడ్డాక టార్చి వేసి ప్రతి రంధ్రమూ మళ్లీ చూశాను. నాన్న పాత పంచె కప్పి వచ్చాను.

రేపు బడి నుంచి రాగానే ముందు వైపు ప్లగ్గులు తీయాలి. అందులో ఒకదాని తల అరిగిపోయి ఉంది. మేస్త్రీ కొవ్వొత్తి ఇక్కడే వదిలి వెళ్లారు.