రసవర్జం

శ్రీకూర్మం గుడిలో పడమటి ముఖంగా తాబేలు రూపంలో కొలువైన స్వామిని దర్శించుకొని, నక్షత్ర తాబేళ్ల ఆవరణ దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. పిల్లలు సరే, వాళ్ల కంటే ముందు పెద్దవాళ్లే కంచె సందులోంచి పుల్ల దూర్చి తాబేలు డిప్పను పొడుస్తుంటారు. అది తల బయటపెడితే ఫోటో తీసుకోవాలట. లోపల ఏ రూపానికి చేతులు జోడించి వచ్చామో ఆ రూపాన్నే బయట పొడుస్తున్నామని ఒక్కరికీ తట్టదు. దయచేసి ఆ పుల్ల పారేయండి.

గీత రెండో అధ్యాయంలో స్థితప్రజ్ఞుడు, అంటే బుద్ధి నిలకడగా ఉన్నవాడు, ఎలా కూర్చుంటాడని అర్జునుడు అడిగినప్పుడు పరమాత్మ చూపించింది ఈ ప్రాణినే: ‘యదా సంహరతే చాయం కూర్మోఽంగానీవ సర్వశః’. తాబేలు అవయవాలను ముడుచుకున్నట్టు ఇంద్రియాలను విషయాల నుంచి వెనక్కి తీసుకునేవాడని అర్థం. ఇక్కడ సంహరించడమంటే లోపలికి తీసుకోవడం. తాబేలు తన కాళ్లను తెంచుకోదు, ఉన్నచోటు విడిచి పారిపోదు, ఆపద తప్పాక ఆ కాళ్లతోనే మళ్లీ నడుస్తుంది. శంకరులు భాష్యంలో ‘భయాత్’ అనే మాట కలిపారు. జ్ఞానికి పోలికగా నిలిచిన ప్రాణి భయపడే ప్రాణే అన్న ఆ ఒక్క మాట నాబోటి పిరికివాడికి ఎంత ఊరటో చెప్పలేను.

మా తమ్ముడికీ నాకూ పొలం గట్టు దగ్గర మాట పడింది. రెండు జానల నేల. నిరుడు నలుగురి ముందు అతను నన్ను అనరాని మాట అన్నప్పుడు ఈ శ్లోకం తలచుకొని నోరు మెదపకుండా ఇంటికి వచ్చి, గీత నాకు ఒంటబట్టిందని మురిసిపోయాను. ఆ రాత్రి రెండు దాటినా నిద్ర లేదు. అనవలసిన జవాబులన్నీ ఒక్కొక్కటే పేర్చుకుంటూ, ఒకదాన్ని మించి ఒకటి పదును పెట్టుకుంటూ పడుకున్నాను.

ఈ తాబేలు శ్లోకం, అంటే యాభై ఎనిమిదోది, దగ్గర ఆగిపోతే కలిగే ప్రమాదం ఇదే. ఆ వెంటనే స్వామి ‘విషయా వినివర్తంతే నిరాహారస్య దేహినః, రసవర్జం’ అంటాడు. తినడం మానినవాడికి తిండి దూరమవుతుంది గాని రుచి దూరం కాదు. (ఏకాదశి ఉపవాసమని చెప్పి మూడు రకాల పలహారాలు చేయించుకునే మా ఇంటి సంగతి ఇక్కడ ఎత్తను.) నేను మాటను మింగానే తప్ప, పగ రుచి నాలుక మీదే ఉంది. డిప్పలోకి ముడుచుకున్నవాడు లోపల దాన్నే చప్పరిస్తూ కూర్చుంటే అది ఇంద్రియ నిగ్రహం ఎలా అవుతుంది? ‘పరం దృష్ట్వా’, అంటే పరమాత్మను చూశాక, ఆ రుచి కూడా పోతుందన్నారు. ఆ దర్శనం నాకు కాలేదు.

అయితే ఈ ఏడు నాన్నగారి తిథికి శ్రీకూర్మం కోనేరు శ్వేతపుష్కరిణి మెట్ల మీద ఇద్దరం పక్కపక్కనే కూర్చోవలసి వచ్చింది. నువ్వుల నీళ్లు వదులుతుంటే అతని చేతులు వణికాయి, చెంబు నేను పట్టుకున్నాను. పురోహితులు గోత్రం, తండ్రిగారి పేరు చెప్పమన్నప్పుడు ఇద్దరి నోటా ఆ పేరు ఒకేసారి వచ్చింది. అది పలికినంతసేపూ గట్టు నాకు గుర్తుకు రాలేదు. వచ్చే వారం సర్వేయరు వస్తాడు.