ఆదివారం చప్పట్లు

పదకొండున్నర దాటింది. పొద్దున ఆరింటికి లేవాలి, అయినా ఒకటి గొంతులో ముల్లులా ఉండిపోయింది, రాసేస్తే గానీ పడుకోలేను.

సాయంత్రం మా సెల్లార్లో కార్లు బయట పెట్టించి, ప్లాస్టిక్ కుర్చీలు వేయించి, మానసిక ప్రశాంతత మీద ప్రోగ్రాం పెట్టారు. రెండో అంతస్తు ఆంటీ రెండు వారాలుగా గ్రూపులో గుర్తుచేస్తూనే ఉంది. చెల్లి తనంతట తనే వస్తానంది. ఆ ఒక్క మాటకే పొద్దుటినుంచి నా మనసు ఎంత తేలికగా ఉందో చెప్పలేను, ఎందుకంటే డిప్రెషన్‌తో ఉన్న అది ఫిబ్రవరి నుంచి పదిమందిలోకి వస్తానన్నది ఇదే మొదటిసారి. నీలం డ్రస్సు ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చింది.

ప్రసంగించడానికి వచ్చినాయన మైకు పట్టుకున్న పది నిమిషాలకే అన్నాడు, "డిప్రెషన్ పని లేనివాళ్ళకొచ్చే జబ్బండీ. మా అమ్మకి తొమ్మిదిమంది పిల్లలు, రెండు గేదెలు, పొలం. డిప్రెషన్ రావడానికి ఆమెకి టైం ఏదీ?" అని. అందరూ నవ్వారు, చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ఎందుకు కొట్టానో ఇప్పటికీ తెలియదు, అందరి చేతులూ కదిలితే నావీ కదిలాయి. చెల్లి పక్క కుర్చీలోనే ఉంది. సమోసా ప్లేటు ఒళ్ళో పెట్టుకుని అంచు తుంపుతూ ఉంది గానీ నోట్లో పెట్టుకోలేదు. పైకి వచ్చి చెప్పులు విప్పుతూ ఒక్కటే మాట అంది: "నువ్వు కూడా కొట్టావక్కా." కోపంగా అన్నా బాగుండేది.

ఆయన అంతటితో ఆగలేదు. మూడుసార్లు గట్టిగా నవ్వించాడు. పక్కవాళ్ళ భుజం తట్టి "నువ్వు అదృష్టవంతుడివి" అని చెప్పించాడు. చివర్లో మాత్రలు వేసుకుంటే జీవితాంతం వదలవని, మనసు గట్టిగా ఉంటే మాత్రతో పనేముందని అన్నాడు. అక్కడ నాకు ఒళ్ళు మండిపోయింది. చెల్లికి ఆ మాత్ర మొదలుపెట్టించడానికి మేం పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మొదటి రెండు వారాలు నోరు ఎండిపోతోంది, కడుపులో తిప్పుతోంది తప్ప ఇంకేం లేదని రోజూ ఏడ్చేది. డాక్టరుగారు ముందే చెప్పారు, ఈ మందులు పనిచేయడం మొదలవ్వాలంటే రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ, తగ్గినట్టనిపించినా మీ అంతట మీరు ఆపకండి అని. అలా ఆగి ఆగి, నాలుగో వారంలో ఒకరోజు చారులో ఉప్పు తక్కువైందని అంది. ఉప్పు తక్కువైందని ఎవరైనా అంటే నాకంత సంతోషం వేయడం ఎప్పుడూ లేదు. ఇప్పుడు మైకు ముందు నిలబడి ఒకాయన గంటలో దాన్నంతా తుడిచేసి పోతానంటే ఎలా?

ఇక వంటింటి క్యాలెండర్ సంగతి. రాత్రి మాత్ర వేసుకోగానే ఆ తేదీ గడిలో, తిథి నక్షత్రం పక్కన ఉన్న ఇరుకు జాగాలో, పెన్సిల్‌తో చిన్న టిక్కు పెడుతుంది. స్నానం చేస్తే ఒక చుక్క. పాల ప్యాకెట్ కోసం తనే కిందికి దిగితే ఇంకో చుక్క. మార్చి పేజీలో అక్కడక్కడా టిక్కులే, చుక్కలు లేవు. జూన్ వచ్చేసరికి పక్కపక్కనే రెండు చుక్కలున్న రోజులు కనిపిస్తాయి. మూడంతస్తులు దిగి, ఎండ మొహం మీద పడేలా గేటు దాకా నడిచి, పాలు తీసుకుని, వాచ్‌మన్ భార్యతో రెండు మాటలు మాట్లాడి పైకి రావడం. ఇంతే. మనసు బాగాలేనప్పుడు మూడ్ వచ్చాక పని చేద్దామనుకుంటే ఆ మూడ్ రాదట, చిన్న పని ముందు చేస్తే దాని వెనక మనసు కొంచెం కదులుతుందట. కౌన్సెలర్ చెప్పిన మాట ఇది. మా ఇంట్లో కళ్ళారా చూశాను.

మేం చూపించుకునేది హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రిలో. రాయడానికి ఏ మొహమాటమూ లేదు. మొహమాటం ఊరికి ఉంది. ఎర్రగడ్డ అనగానే ఆటో అబ్బాయి అద్దంలోంచి చూస్తూ "రైతు బజారుకా మేడం, ఆసుపత్రికా?" అని నవ్వుతాడు. ఆసుపత్రికే బాబూ అంటే ఆ నవ్వు ఆగిపోయి, దిగేదాకా చెల్లినే చూస్తుంటాడు. చిన్నప్పుడు మేమూ ఆ జోకులు వేసుకున్నవాళ్ళమే, బడిలో ఎవరైనా లెక్క తప్పు చేస్తే ఎర్రగడ్డకు పంపాలనేవాళ్ళం.

అన్నిటికన్నా నాకు కోపం తెప్పించేది "దానికేం తక్కువ?" అన్న మాట. మా పిన్ని అడిగింది, మేనత్త అడిగింది, మా అత్తయ్య కూడా, పాపం ప్రేమగానే, అడిగింది. ఉద్యోగం ఉంది, అందరూ బాగానే ఉన్నారు, మరి దేనికీ బాధ? బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్ళు 2015-16లో 12 రాష్ట్రాల్లో సర్వే చేస్తే, పెద్దవాళ్ళలో నూటికి 10.6 మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ పన్నెండింటిలో మన రెండు రాష్ట్రాలూ లేవనుకోండి, కానీ మనమేమైనా వేరే మట్టితో చేసినవాళ్ళమా? సెల్లార్లో అరవై కుర్చీలు వేశారు. ఆ లెక్కన చెల్లి ఒక్కతే కాదు, ఇంకో నలుగురైదుగురు కూడా ఆ చప్పట్ల మధ్యలో నోరు మూసుకుని కూర్చున్నారేమో.

ఈ కోపంలోనే కూర్చుంటే అమ్మమ్మ గుర్తొచ్చింది.

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. కోరుట్ల దగ్గర అమ్మమ్మ వాళ్ళ ఊరు. పెద్ద మామయ్య దుబాయిలో పోయాడు. శవం ఇంటికి రావడానికి ఇరవై రెండు రోజులు పట్టింది. దినాలయ్యాక అమ్మమ్మ మాట్లాడటం మానేసింది. పొద్దున అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుంటే దీపాలు పెట్టేదాకా అలాగే ఉండేది. ఎదురింటి పెద్దమ్మ ఒకరోజు ఏమీ అనకుండా తన చాట తెచ్చుకుని పక్కన కూర్చుంది. మర్నాడు ఇంకో ఇద్దరొచ్చారు. ఆ వాడకట్టంతా బీడీలు చుట్టేవాళ్ళే. తడిపిన తునికాకు మీద ఇనుప రేకు పెట్టి కత్తెరతో కోసి, జర్దా పోసి చుట్టి, దారం కట్టి, మూతి మడిచేవాళ్ళు. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. వాళ్ళు అమ్మమ్మను ఏడవద్దనలేదు, మాట్లాడమని అడగలేదు. చుట్టిన బీడీలు ఆమె ఒళ్ళో పోసి "అక్కా, జర లెక్కపెట్టు" అనేవాళ్ళు. అమ్మమ్మ లెక్క తప్పేది, ఒక కట్టలో ఇరవై మూడు, ఇంకోదాంట్లో ఇరవై ఏడు. అక్కడ ఎవరూ దిద్దలేదు. కట్ట తక్కువైతే కార్ఖానాలో తీసుకోరు కాబట్టి ఎదురింటి పెద్దమ్మ రాత్రి ఇంటికెళ్ళి బుడ్డి దీపం దగ్గర పెట్టుకుని కట్టలన్నీ విప్పి మళ్ళీ లెక్కపెట్టేదని నాకు చాలా ఏళ్ళ తర్వాత అమ్మ చెప్పింది. రోజంతా చుట్టిన చేతులతో. నెలల తరబడి. ఆ చలికాలంలో ఒకరోజు అమ్మమ్మ ఒక బీడీ తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "గిట్ల చుడితె కార్ఖానల పక్కకు పడేస్తరే" అంది. పెద్దమ్మ చాటలో తలవంచుకుని నవ్విందో ఏడ్చిందో నాకు సరిగ్గా కనపడలేదు.

ఆఫ్రికాలో జింబాబ్వే అనే దేశం ఉంది. అక్కడ డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడి దగ్గరికి వచ్చే ఒక అమ్మాయి, ఆసుపత్రికి రావడానికి బస్సు డబ్బుల్లేక రాలేకపోయి, ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత 2006లో హరారేలో ఆయన 14 మంది అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి, క్లినిక్కుల దగ్గర చెక్క బెంచీల మీద కూర్చోబెట్టాడు. వచ్చినవాళ్ళ మాట వినడం, ముందు ఏ కష్టం సంగతి చూడాలో వాళ్ళతోనే తేల్పించడం వాళ్ళ పని. అక్కడివాళ్ళు ఈ బాధను కుఫుంగిసిస అంటారు, ఆలోచన ఎక్కువైపోవడమని అర్థం. మన దగ్గరా అదే కదా అంటాం. ఆ బస్సు డబ్బుల సంగతి చదివినప్పుడు ఓపీ లైన్లో మా ముందు నిలబడ్డ మెదక్ ఆమె గుర్తొచ్చింది. ఆడవాళ్ళకు బస్సు ఫ్రీ అయినప్పటినుంచే కొడుకును నెలనెలా తీసుకురాగలుగుతున్నానని చెప్పింది.

ఇక్కడిదాకా రాసి, అరుగులుంటే చాలు, ఈ మైకులూ ప్రోగ్రాములూ అక్కర్లేదు అని ముగిద్దామనుకున్నా. కానీ అది నిజం కాదు.

అదే వాడకట్టులో వెనక సందులో ఒక కోడలుండేది. కాన్పయ్యాక బిడ్డను ఎత్తుకోలేదు, రాత్రంతా తనలో తనే మాట్లాడుకునేది. దయ్యం పట్టిందన్నారు. అన్నది ఎవరో కాదు, అమ్మమ్మ అరుగు మీద కూర్చుని బీడీలు చుట్టిన ఆ చేతులవాళ్ళే. వేపమండలతో కొట్టించారు, తర్వాత పుట్టింటికి పంపించేశారు. కాన్పు తర్వాత వచ్చే జబ్బు అదని, మందులతో తగ్గుతుందని ఇప్పుడు నాకు తెలుసు. ఆమె ముందుకు మాత్రం ఎవరూ చాట తీసుకుని వెళ్ళలేదు. అమ్మమ్మ బాధకు కారణం ఊరందరికీ తెలుసు, కొడుకు పోయాడు. ఆ కోడలికి? మగపిల్లాడు పుట్టాడు, ఇంకేం తక్కువ? మళ్ళీ అదే ప్రశ్న. కారణం మనకు అర్థమైతే పక్కన కూర్చుంటాం, అర్థం కాకపోతే దూరం జరుగుతాం. సాయంత్రం ఆయన చెప్పింది కూడా అదే, కాకపోతే మైకులో చెప్పాడు. నేను చప్పట్లు కొట్టాను.

గ్రూపులో గట్టిగా రాద్దామని పెద్ద మెసేజే టైప్ చేశా. పంపలేదు. ఎందుకంటే తొమ్మిదింటికి చెత్త వేయడానికి కిందికి వెళ్ళినప్పుడు, లిఫ్టులో రెండో అంతస్తు ఆంటీ ఒక్కతే ఉంది. తలుపు మూసుకున్నాక మెల్లగా అడిగింది, "మీ చెల్లిని ఎక్కడ చూపిస్తున్నారమ్మా? మావాడు రెండు నెలలుగా గదిలోంచి బయటికి రావట్లేదు" అని. అంటే ఆమె ఈ ప్రోగ్రాం పెట్టింది వాడి కోసం. వాడు కిందికి రానే లేదు. నేను సాయంత్రమంతా ఈమెనే తిట్టుకున్నాను. ముందు 14416కి చేయండి ఆంటీ, టెలిమానస్ అంటారు, మనసు బాగాలేనివాళ్ళ కోసం గవర్నమెంటు ఫోన్ లైను, 2022 అక్టోబరులో పెట్టారు, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు అని చెప్పా. ఆమె దగ్గర ఫోన్ లేదు. అరచేతిలో వేలితో నంబరు రాసుకుంది. రేపు సాయంత్రం మీ ఇంటికొస్తానన్నా. వాడితో ఏం మాట్లాడాలో నాకు తెలియదు, ఊరికే కూర్చుంటానేమో.

ఇంటికొచ్చి చెల్లి గది తలుపు తట్టి "తప్పయింది" అన్నా. అది గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కాసేపటికి "పచ్చడేమైనా ఉందా, ఆకలేస్తోంది" అంది. గోంగూర పచ్చడీ ఉల్లిపాయా వేసి అన్నం కలిపి ఇచ్చా. సగం తింది. నన్ను క్షమించిందో లేదో అడగలేదు.

ఇందాక మంచినీళ్ళకు లేచి చూశా, క్యాలెండర్లో ఈరోజు గడిలో టిక్కు ఉంది, చుక్కలు రెండూ ఉన్నాయి. స్ట్రిప్పులో మూడే మాత్రలు మిగిలాయి. రేపు ఆఫీసు నుంచి వచ్చేటప్పుడు తేవాలి.