సీబీపీ అంటే ప్లేట్‌లెట్లు ఒక్కటేనా?

వానాకాలం వచ్చిందంటే మన హైదరాబాద్‌లో ఇంటికో సీబీపీ (రక్తకణాల లెక్క చెప్పే పరీక్ష) రిపోర్టు కనిపిస్తుంది. డెంగీ భయం కదా, ఫోన్‌కి పీడీఎఫ్ రాగానే ప్లేట్‌లెట్లు లక్షన్నర ఉన్నాయా లేవా చూసి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, బొప్పాయి ఆకు రసం గురించి కాసేపు మాట్లాడుకున్నాక ఇక దాన్ని ఎవరూ తెరవరు. అందులో లింఫోసైట్లు అని ఇంకో లైను ఉంటుంది, దాన్నీ చూడండి.

తెల్లరక్తకణాల్లో ఇదో రకం. వైరస్‌లను గుర్తుపెట్టుకునేవి, యాంటీబాడీలు తయారుచేసేవి ఇవే. కోపెన్‌హాగెన్‌లో లక్షకు పైగా మామూలు జనాన్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనం ఒకటి 2020లో వచ్చింది. లింఫోసైట్లు మైక్రోలీటరుకు 1,100 కంటే తక్కువున్నవాళ్లలో మరణాల రిస్కు, నార్మల్‌గా ఉన్నవాళ్ల కంటే దాదాపు 60 శాతం ఎక్కువగా తేలింది. ఇన్ఫెక్షన్ల వల్లే అనుకుంటాం కదా, కాదు, గుండె జబ్బులు, క్యాన్సర్ మరణాలూ ఎక్కువే.

అలాగని కణాలు తగ్గడమే చావుకు కారణమని కాదు. వయసుతో పాటు థైమస్ గ్రంథి కుంచించుకుపోతుంది, అక్కడ తయారయ్యే టీ కణాలు (ఇవీ లింఫోసైట్లే) తగ్గుతాయి. పోషకాహార లోపం, లోపల పైకి కనిపించని జబ్బు, ఏదైనా కారణం కావచ్చు. ఒంట్లో ఏం జరుగుతోందో ఆ అంకె చెబుతుంది, అంతే. దాన్ని పెంచితే ఆయుష్షు పెరుగుతుందని ఎవరూ నిరూపించలేదు కాబట్టి ఇమ్యూనిటీ పౌడర్లకు డబ్బులు తగలేయకండి, దయచేసి.

ఇంకో ముఖ్యమైన విషయం. చాలా రిపోర్టుల్లో ముందు కనిపించేది తెల్లకణాల్లో లింఫోసైట్ల శాతమే, 20 నుంచి 40 మధ్య ఉంటే నార్మల్ అని వదిలేస్తాం. కానీ మొత్తం తెల్లకణాలు 4,000 ఉండి లింఫోసైట్లు 24 శాతం అనుకోండి, లెక్క కడితే 960. రెండు అంకెలూ నార్మల్ రేంజ్‌లోనే ఉన్నాయి, ఎక్కడా బోల్డ్ అక్షరాలు పడవు, అసలు సంఖ్య మాత్రం వెయ్యి లోపే! అందుకే అబ్సల్యూట్ లింఫోసైట్ కౌంట్, అంటే ఈ అసలు సంఖ్య చూడాలి. ల్యాబ్ ఇవ్వకపోతే మనమే గుణించుకోవచ్చు.

ఒక్కసారి తగ్గిందని టెన్షన్ పడక్కర్లేదు. జ్వరంలో ఎలాగూ అటూ ఇటూ అవుతుంది, ఆస్తమాకో కీళ్లనొప్పులకో స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లలో లింఫోసైట్లు తగ్గి న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం తెల్లకణాలు పెరుగుతాయి. పూర్తిగా కోలుకున్న కొన్ని వారాలకు మళ్లీ చేయించండి. అప్పుడూ తక్కువే ఉంటే, ముఖ్యంగా ఇంట్లో పెద్దవాళ్లకైతే, పాత రిపోర్టులన్నీ పట్టుకుని ఫిజీషియన్ దగ్గరికి వెళ్లండి, ఏ మందులు వాడుతున్నారో కూడా చెప్పండి. హెచ్‌ఐవీ, టీబీ లాంటివి ఉన్నాయేమో చూడాలా అన్నది ఆయన తేలుస్తారు. మళ్లీ పరీక్షకు డబ్బులెందుకు అనిపిస్తే బస్తీ దవాఖానాలో అడగండి, అక్కడ రక్త పరీక్షలు ఉచితమే.