లేక్ వ్యూ గదికి రెండు వేలు ఎక్కువ

పెళ్లయి పన్నెండేళ్లు. ప్రతి ఏడూ పెళ్లిరోజుకి మా విశాఖలోనే రుషికొండ బీచ్ దాకా వెళ్లి, ఇసకలో కాసేపు కూర్చుని, మొక్కజొన్న పొత్తు తిని ఇంటికి వచ్చేయడమే మా సంబరం. ఈ నవంబరులో మాత్రం మా ఆయనకి ఏం బుద్ధి పుట్టిందో, "ఒక్కసారైనా డబ్బులు చూసుకోకుండా ఉందాం, కొండ కనపడాలి, నీళ్లు కనపడాలి" అని అరకు వైపు కొత్తగా వెలసిన ఒక లగ్జరీ రిసార్ట్‌లో రెండు రాత్రులకి కాటేజీ బుక్ చేసేశాడు. మామూలు కాటేజీ రాత్రికి ఏడు వేలు, లేక్ వ్యూ అయితే తొమ్మిది. రెండు వేలే కదా అని నేనే సరే అన్నాను. తీరా బిల్లు చూస్తే అసలు సంగతి తెలిసింది. గది అద్దె 7,500 లోపు ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతమట. అంటే ఏడు వేల గదికి 350 కట్టేవాళ్లం, తొమ్మిది వేల గదికి 1,620 కట్టాం. ఆ చెరువు మొహం చూడటానికి రాత్రికి 3,270 రూపాయలన్నమాట. ఈ లెక్క దారిలోనే వేసి ఉంటే ఎస్.కోట (శృంగవరపుకోట) నుంచి వెనక్కి తిప్పించేదాన్ని.

అత్తయ్యకి అరకు మీదుగా వెళ్లే కిరండోల్ రైల్లో వెళ్లాలని ఆశ. కొత్తవలస దాటాక కొండలెక్కుతూ ఆ లైన్లో 58 సొరంగాలు తగులుతాయి, ఒక్కో సొరంగంలోకి దూరినప్పుడల్లా బోగీలో పిల్లలంతా ఒకటే కేకలు పెడతారు, ఆవిడకి ఆ గోల ఇష్టం. కానీ పసుపురంగు వలిసె పూల సీజనులో అద్దాల బోగీకి టికెట్ దొరకాలంటే మా అదృష్టం సరిపోలేదు. కారులోనే బయల్దేరాం. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోటలో ఇడ్లీ, అక్కణ్ణుంచి కాశీపట్నం దాటగానే ఘాట్ మొదలు. మూడో మలుపులోనే చిన్నోడు ఇడ్లీ మొత్తం బయటికి పంపించాడు.

ఘాట్ మీద గాలికొండ దగ్గర ఆగాం. అక్కడి బొంగు చికెన్ గురించి చెప్పకుండా ముందుకెళ్లలేను. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి అడ్డాకులు కుక్కి, నిప్పుల మీద పడుకోబెట్టి తిప్పుతుంటారు. చుక్క నూనె ఉండదు. బొంగు పైన నల్లబడుతుంటే చివర్నుంచి నురుగు బుసబుసమని వస్తుంది. ఉడికిందో లేదో వండే ఆవిడ మూత తీసి చూడదు, వాసన చూసి చెప్పేస్తుంది. కత్తితో బొంగు చీల్చి ఆకులో పోసింది. శాకాహారి అయిన అత్తయ్య మొహం అటు తిప్పుకుని కూర్చుని, "అంత ఆత్రం ఏటిరా, కాలిపోద్ది" అని కొడుకుని కేకలేస్తూనే ఉంది. పక్క బడ్డీలో ఇరవై రూపాయలకి ఫిల్టర్ కాఫీ తాగాం. చుట్టూ తోటలే, పొడుగాటి సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి పాకిన మిరియాల తీగలు, కింద నీడలో కాఫీ మొక్కలు, వాటికి ఎర్రటి పళ్లు. 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా వచ్చిన కాఫీ ఇది. రిసార్ట్‌లో అదే కాఫీ మెషిన్లోంచి వచ్చి, పైన నురగతో ఆకు బొమ్మ వేయించుకుని 220 రూపాయలయింది. రుచి బడ్డీ దగ్గరదే.

రిసార్ట్ బాగాలేదని అనను. నిమ్మగడ్డి వేసిన వేడి పానీయం ఇచ్చి, మెడలో వలిసె పూల దండ వేసి, బ్యాటరీ కారు ఎక్కించారు. అది ఎత్తు ఎక్కుతూ సగంలో ఆగిపోతే నేనూ, మా ఆయనా దిగి తోశాం, అత్తయ్య మాత్రం దండతో సహా మహారాణిలా కూర్చునే ఉంది. కాటేజీ అద్దాల గోడలు, పైకప్పులో కూడా ఒక అద్దం, పడుకుంటే చుక్కలు కనిపిస్తాయి. స్నానాల గదిలో పడవంత టబ్బు ఉంది కానీ బకెట్, మగ్గు లేవు. అత్తయ్య ఫోన్ చేయించింది. కుర్రాడు పాపం ఎక్కడెక్కడో వెతికి గదులు తుడిచే నీలం బకెట్ ఒకటి కడిగి తెచ్చాడు. టబ్బుని ఆవిడ చీర నానబెట్టడానికి వాడుకుంది. ఉదయం వేడినీళ్లు రాలేదు. సోలార్ అట, పొగమంచులో సూర్యుడు కనిపిస్తే కదా. కొండ అంచున ఉన్న ఈత కొలనులో కాలు పెట్టి చూశాను, మంచుగడ్డ. ఫొటోలు దిగేవాళ్లు తప్ప ఎవరూ దిగడం లేదు.

ఇక చెరువు. మొదటి రోజు సాయంత్రం దీపాలు వేశారు, నీళ్లలో కొండ నీడ పడింది, రెండు బాతులు కూడా ఉన్నాయి, సరేలే డబ్బులకి న్యాయం జరిగింది అనుకున్నాం. రెండో రోజు తెల్లారి పొగమంచు విడిచాక తెర తీస్తే చెరువు లేదు. శుభ్రం చేయడానికి రాత్రే నీళ్లు వదిలేశారట. గుంత నిండా నల్లటి ప్లాస్టిక్ పట్టా, దాని మీద పాచి, మధ్యలో పైపు, ఒడ్డున అయోమయంగా నిలబడ్డ ఆ రెండు బాతులు. కాసేపటికి ట్యాంకర్ వచ్చింది, కింద గెడ్డలోంచి, అంటే వాగులోంచి, నీళ్లు తెచ్చి పోస్తోంది. ఇద్దరు మనుషులు రబ్బరు బూట్లు వేసుకుని చీపుళ్లతో పట్టా తోముతుంటే మేం బాల్కనీలో కూర్చుని దోశెలు తిన్నాం. రిసెప్షన్‌లో అడిగితే ఆ అబ్బాయి చాలా మర్యాదగా, "సాయంత్రానికి లేక్ రెడీ అయిపోద్ది మేడమ్" అన్నాడు. లేక్ రెడీ అవడం అనే మాట నేను ఇంతవరకు వినలేదు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు, ఫ్రూట్ ప్లేట్ ఒకటి ఇచ్చారు.

మూడో రోజు ఖాళీ చేసి బొర్రా గుహలకి వెళ్లాం. లోపల రంగు దీపాలూ, గబ్బిలాల వాసనా, సున్నపురాయి మీద నీళ్లు బొట్టు బొట్టుగా పడుతూ కట్టిన ఆకారాలూ, పైన శివలింగం. ఆవు ఒకటి పైనున్న కన్నంలోంచి లోపలికి పడిపోతే, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి ఈ గుహ, లింగం కనిపించాయని కథ. అందుకే ఈ గుహల్లోంచి పారే నదికి గోస్తని అని పేరు. అత్తయ్య పుట్టిల్లు జామి, గోస్తని ఒడ్డున. చిన్నప్పుడు వేసవిలో ఆ ఇసకలో చెలమ తవ్వి బిందె నింపేవారట. మా పెళ్లయినప్పటినుంచీ వింటున్న కథే, కానీ ఆవిడ బొర్రా రావడం ఇదే మొదటిసారి. ఆ మెట్లు దిగలేనని ముందు మొరాయించిన మనిషి, గోస్తని మాట వినగానే రెయిలింగ్ పట్టుకుని చకచకా దిగింది. "మరి మనం ఆదివారాలు భీమిలిలో చూసేది?" అన్నాడు చిన్నోడు. అదే నదిరా, అక్కడ సముద్రంలో కలుస్తుంది అంటే, "ఇంత దూరం నడిచిందా?" అని నోరు తెరిచాడు.

దాంతో తిరుగు ప్రయాణంలో ఎస్.కోట దగ్గర దారి మళ్లించి తాటిపూడి వెళ్లాం. ఇది ముందు అనుకున్నది కాదు. అదే గోస్తనికి 1960ల్లో అడ్డుకట్ట వేసి కట్టిన జలాశయం. విజయనగరం వైపు పొలాలకీ, విశాఖ మంచినీళ్లకీ ఇక్కడి నీళ్లే వెళ్తాయి. చుట్టూ కొండలు, గాలి లేదు, నీళ్లు కదలకుండా ఆకుపచ్చగా పరుచుకుని ఉన్నాయి. లైఫ్ జాకెట్లు వేసుకుని పడవ ఎక్కాం. అత్తయ్యకి జాకెట్ పట్టీ అందక నేనే బిగించాను. పడవ నడిపేవాడు, "ఏ ఊరమ్మా?" అని అడిగి, "ఇశాపట్నమా, ఐతే మీ కుళాయిలోకి వచ్చే నీరు ఇదేనమ్మా, ఒడ్డున చెత్తెయ్యకండి" అని ముందే చెప్పాడు. మధ్యలోకి వెళ్లాక ఇంజను ఆపేశాడు. అత్తయ్య చెయ్యి నీళ్లలో పెట్టింది. ఒక గుప్పెడు తీసుకుని నెత్తిన జల్లుకుంది, తర్వాత నా నెత్తిన, తర్వాత చిన్నోడి నెత్తిన. మా ఆయన దూరంగా కూర్చుని ఉంటే, "ఒరే, నీకు వేరే చెప్పాలా, ఇలా రా" అంది.

నలుగురికీ కలిపి పడవ టికెట్టు రిసార్ట్‌లో తాగిన రెండు కాఫీలంత కూడా కాలేదు.

పడవలో ఉండగానే మా ఆయన ఫోన్‌కి రిసార్ట్ నుంచి మెసేజ్ వచ్చింది, మీ లేక్ వ్యూ అనుభవం ఎలా ఉంది, ఒక ఫొటోతో పంచుకోండి అని. తాటిపూడి ఫొటో ఒకటి తీసి పంపించేశాడు. మర్నాటికి జవాబొచ్చింది, "థాంక్యూ సర్, బ్యూటిఫుల్, మా పేజీలో పెట్టుకోవచ్చా?" అని.