ఒక్క మాట కోసం మూడు వారాలు

నిన్నటితో పని పూర్తయింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. హిస్టరీ ప్రాజెక్టుకి మయామీ లిటిల్ హవానాలోని బ్రిగేడ్ 2506 మ్యూజియం ఎంచుకుంది. 1961 ఏప్రిల్‌లో క్యూబా పాలకుడు క్యాస్ట్రోని దించాలని అక్కడి బే ఆఫ్ పిగ్స్ తీరంలో దిగి, ఓడిపోయిన క్యూబన్లు నడుపుకుంటున్న చిన్న మ్యూజియం. వెళ్లడం, చూడడం తేలికే. గోడ మీద చనిపోయినవాళ్ల ఫొటోలు, చాలావరకు కుర్రాళ్లే. 2506 అనేది సైనికుల లెక్క కాదు, గ్వాటెమాలా శిక్షణలో కొండ మీంచి పడి చనిపోయిన సహచరుడి నంబరు. దిగిన దాదాపు 1,400 మందీ దాన్నే తమ పేరు చేసుకున్నారు.

అసలు తిప్పలు కాగితంతో. ఆ బ్రిగేడ్‌లో ఉన్న ఒక పెద్దాయన గంటసేపు మాట్లాడారు. రికార్డింగ్ వాడుకోవాలంటే స్కూలు ఫారం మీద ఆయన సంతకం కావాలి. అందులో 'ఇమ్మిగ్రెంట్‌గా నా కథ చెప్పడానికి అంగీకరిస్తున్నాను' అని అచ్చయి ఉంది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చదివి, వణికే చేత్తో ఆ మాటని రెండుసార్లు కొట్టేసి, పైన 'ఎక్సిలియాడో' (సొంత దేశం వదిలి రాక తప్పనివాడు అని స్పానిష్ మాట) అని రాసి, అప్పుడు సంతకం పెట్టారు.

స్కూల్ ఆఫీసులో కౌంటర్ ఆవిడ కొట్టివేతలుంటే చెల్లదు, మళ్లీ సంతకం చేయించుకు రమ్మంది. చెప్పబోతే, వెనక లైన్లో అందరూ వింటుండగా 'మీకు ఇంగ్లిష్ అర్థమవుతుందా?' అని ఒక్కో అక్షరం సాగదీసి అడిగింది. ఈ దేశంలో ఇరవై రెండేళ్ల నుంచి పనిచేస్తున్నా. మొహం ఎర్రబడి బయటికొచ్చేశాను. రెండు మాటలకీ తేడా ఏంటని కూడా అడిగింది. తేడా ఉందమ్మా! మనం ప్రవాసాంధ్రులం అని చెప్పుకుంటాం కానీ సెలవులొస్తే టికెట్ కొనుక్కుని విజయవాడలో దిగుతాం. వాళ్లు తుపాకులు పట్టుకుని ఇంటికెళ్లబోయి జైల్లో పడ్డారు. బయటికొచ్చాక, 1962 డిసెంబరులో మయామీ ఆరెంజ్ బౌల్ స్టేడియంలో తమ జెండాని ప్రెసిడెంట్ కెన్నెడీ చేతికిస్తే, స్వేచ్ఛ వచ్చిన హవానాలో తిరిగిస్తానన్నాడాయన. చివరికి 1976లో లాయర్ని పెట్టుకుని ఆ జెండా వెనక్కి తెచ్చుకున్నారు. అలాంటి మనిషిని పట్టుకుని 'ఆ మాట ఉండనివ్వండి సార్' అని ఎలా అడగను?

రెండు వారాలు ఆఫీసు చుట్టూ తిరిగాను. ఆఖరికి మా అమ్మాయే నేరుగా హిస్టరీ టీచర్‌కి మెయిల్ పెట్టింది, రెండు రోజుల్లో ఫారం మారింది. కాబట్టి కౌంటర్ల దగ్గర నిలబడకండి, టీచర్‌నే అడగండి. మ్యూజియానికి స్పానిష్ వచ్చినవాళ్లని తీసుకెళ్లండి, ముందు ఫోన్ చేయండి.

కొత్త ఫారం పెద్దాయన వేలు పెట్టి లైను లైనూ చదివారు. ఆ మాట దగ్గర ఆగి, మా అమ్మాయి వైపు చూసి తలూపారు. సంతకం పెట్టి, కింద 2506 అని వేసిచ్చారు.