వందకి ఎన్ని? నా పాఠానికి మార్కులు వేసిన ఏడాది

ప్రమోషన్ కోసం, అంటే పై లెవల్‌కి, దరఖాస్తు పెట్టుకోవచ్చని సర్క్యులర్ రాగానే మా స్టాఫ్ రూమ్‌లో అందరూ ఒకరినొకరు అడిగింది ఒకటే, "పేపర్లు ఎన్నున్నాయి?" అని. అంటే జర్నల్స్‌లో వేసిన పరిశోధన పత్రాలు. పాఠం చెప్పడానికి కూడా మార్కులుంటాయని ఫారం తెరిచాక గానీ చాలామందికి గుర్తు రాలేదు.

మాది కోస్తాలో ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ, అటానమస్. మెకానికల్ సెకండియర్‌లో రెండు సెక్షన్లకి మెకానిక్స్ ఆఫ్ సాలిడ్స్ చెబుతాను, అంటే బరువు పడితే బీమ్‌ల్లాంటివి ఎలా వంగుతాయో లెక్కలు కట్టే సబ్జెక్టు. మా కాలేజీ ఏఐసీటీఈ (సాంకేతిక విద్యని నియంత్రించే జాతీయ మండలి) 2019 నిబంధనలు పాటిస్తుంది. వాటిలో 360 డిగ్రీల ఫీడ్‌బ్యాక్ అని, టీచర్‌ని అన్ని వైపుల నుంచీ బేరీజు వేసే ఒక పద్ధతి ఉంది. మొత్తం 100 పాయింట్లు. బోధనా ప్రక్రియకి 25, విద్యార్థుల ఫీడ్‌బ్యాక్‌కి 25, డిపార్ట్‌మెంట్ పనులకి 20, మిగతా ముప్పై కాలేజీ పనులకీ, ఏసీఆర్‌కీ (పైవాళ్లు ఏటా రాసే రహస్య నివేదిక), సమాజ సేవకీ తలా పది.

బోధనా ప్రక్రియ అంటే ఏదో పెద్ద పరిశీలన ఉంటుందనుకున్నాను. తీరా చూస్తే తీసుకోవాల్సిన క్లాసులెన్ని, తీసుకున్నవెన్ని, ఆ నిష్పత్తిని 25తో హెచ్చించడం. అంతే. యూనివర్సిటీల వాళ్లకి వర్తించే యూజీసీ 2018 నిబంధనల్లోనూ దాదాపు ఇదే కథ. కేటాయించిన క్లాసుల్లో 80 శాతం, ఆపైన తీసుకుంటే 'గుడ్', 70కి తగ్గకపోతే 'శాటిస్‌ఫాక్టరీ'. క్లాసుకి వెళ్లామా లేదా అన్నదే లెక్క, వెళ్లి ఏం చేశామన్నది కాదు. అలాగని నేను దీన్ని తీసిపారేయను. సెమిస్టర్ సగం గడిచినా మొహం చూపించని మాస్టారి దగ్గర చదువుకున్నదాన్ని. కనీసం ఇదన్నా అడుగుతున్నారు.

ఆ లెక్క తేల్చడానికే నాకు తల ప్రాణం తోకకొచ్చింది. సెలవు పెట్టినప్పుడు మన క్లాసు ఇంకొకరికి అడ్జస్ట్ చేస్తాం, తర్వాత వాళ్లది మనం తీసుకుని బాకీ తీరుస్తాం. కానీ ఆన్‌లైన్ అటెండెన్స్‌లో ఆ క్లాసు ఎవరి లాగిన్‌తో ఎక్కితే వాళ్లదే. నేను తీర్చిన బాకీలన్నీ పక్కవాళ్ల ఖాతాలో ఉన్నాయి. అడ్జస్ట్‌మెంట్ రిజిస్టర్లు వెతికి, జెరాక్సులు తీసి, సంతకాలు పెట్టించుకుంటే తప్ప లెక్క సరిపోలేదు. కోర్స్ ఫైల్ సంగతి ఎక్కువ చెప్పను. లెసన్ ప్లాన్ నుంచి స్లో లెర్నర్స్ లిస్టు దాకా అన్నీ ఉండాలి, ప్రతి ప్రశ్న పక్కన బ్లూమ్స్ లెవల్ (గుర్తుంటే చాలా, ఆలోచించాలా అని చెప్పే స్థాయి) రాయాలి. కోర్సులకి గుర్తింపునిచ్చే ఎన్‌బీఏ పుణ్యమా అని అది మా అందరికీ కంఠతా వచ్చు.

అసలు టెన్షన్ పెట్టింది విద్యార్థుల ఫీడ్‌బ్యాక్.

మా దగ్గర ఫీడ్‌బ్యాక్ ఇవ్వకపోతే హాల్ టికెట్ డౌన్‌లోడ్ కాదు. కాబట్టి అందరూ ఇస్తారు. ఎలా ఇస్తారన్నది వేరే మాట. ఆరు సబ్జెక్టులు, మూడు ల్యాబులు, ఒక్కోదానికి పది ప్రశ్నలు, వెరసి తొంభై క్లిక్కులు. నేను చెప్పని బ్రాంచి పిల్లలకి కంప్యూటర్ ల్యాబ్‌లో డ్యూటీ పడి చూశాను. ఒక కుర్రాడు ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుని, కుడి చేత్తో ఐదుల వరస పట్టుకుని పైనుంచి కిందికి నొక్కుకుంటూ పోయాడు. ఒకచోట పొరపాటున నాలుగు పడితే వెనక్కి వెళ్లి మళ్లీ ఐదు చేశాడు. ఆ మాస్టారెవరో గానీ అదృష్టవంతుడు. ఇంకో అమ్మాయి ఒకే సబ్జెక్టు దగ్గర ఆగిపోయి, కామెంటు రాయడం, చెరపడం, మళ్లీ రాయడం. లెక్కలో ఇద్దరి మాటకీ బరువు ఒకటే.

పైగా మొదటి మిడ్ మార్కులు ఇచ్చిన వారంలోనే ఈ తతంగం. పేపర్లు గట్టిగా దిద్దినవాళ్ల గతి ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

నా స్కోర్లు వచ్చాయి. ఐదుకి ఏ సెక్షన్‌లో 4.4, బీ సెక్షన్‌లో 3.5. ఒకటే సబ్జెక్టు, ఒకటే నోట్సు, ఒకటే నేను. తేడా అల్లా ఏ సెక్షన్‌కి క్లాసు పొద్దున్నే, బీ సెక్షన్‌కి లంచ్ అయ్యాక, రేకుల షెడ్డు పక్క గదిలో. మా దగ్గర 3.75 దాటకపోతే సంజాయిషీ రాసివ్వాలి. కామెంట్లు కూడా ఇచ్చారు. సగం 'గుడ్', 'నైస్'. ఒకరు చీరలు బాగుంటాయన్నారు. ఇద్దరు ముగ్గురు 'రూడ్‌గా మాట్లాడతారు' అన్నారు. లేటుగా వచ్చినవాళ్లని బయట నిలబెట్టే మా సార్ ఒకాయనకి అదే పిల్లలు రాసింది 'డిసిప్లిన్ బాగా మెయింటెయిన్ చేస్తారు' అని! ఇది నా ఉక్రోషం మాత్రమే కాదు. అమెరికాలో ఒక ఆన్‌లైన్ కోర్సులో ఇద్దరు టీచర్లు పేర్లు మార్చుకుని పాఠం చెబితే, నిజంగా ఎవరు చెప్పినా సరే, మగ పేరున్న వాళ్లకే పిల్లలు ఎక్కువ మార్కులు వేశారని 2015లో ఒక అధ్యయనం వచ్చింది.

సంజాయిషీ రాయడానికి కూర్చున్నాక ఇలాంటివి చాలానే చదివాను. 2017లో వచ్చిన ఒక మెటా అనాలిసిస్ (ఎన్నో అధ్యయనాలని కలిపి చూసేది) అయితే, పిల్లలు టీచర్‌కి వేసే రేటింగుకీ ఆ టీచర్ దగ్గర వాళ్లు నేర్చుకున్నదానికీ సంబంధం లేదని తేల్చేసింది. 2018లో టొరంటోలోని రైర్సన్ యూనివర్సిటీలో అధ్యాపకుల గొడవ ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తి దగ్గరికి) వెళితే, ప్రమోషన్ల కోసం బోధన ఎంత బాగుందో తేల్చడానికి ఈ సర్వేలు వాడకూడదని తీర్పొచ్చింది. ఇవన్నీ సంజాయిషీలో రాస్తే తెలివి చూపిస్తున్నానంటారు. అందుకని ఇంట్లో ఉన్న లెక్కే తీశాను.

సీఓ అటెయిన్‌మెంట్ కోసం, అంటే కోర్సులో నేర్చుకోవాల్సింది పిల్లలు ఎంత నేర్చుకున్నారో తేల్చడానికి, ప్రతి విద్యార్థికీ ప్రశ్నవారీగా వచ్చిన మార్కులు ఎక్సెల్‌లో ఎక్కిస్తాం. ఎక్కించేటప్పుడు తిట్టుకోని రోజు లేదు. అదే షీటు ఇప్పుడు అక్కరకొచ్చింది. రెండు సెక్షన్ల సగటు చూస్తే వెంట్రుకవాసి తేడా. నన్ను మెచ్చుకున్న సెక్షనూ, మెచ్చని సెక్షనూ పరీక్ష ఒకేలా రాశాయి. అంతకంటే ముఖ్యమైనది ఇంకోటి కనిపించింది. ఓవర్‌హ్యాంగింగ్ బీమ్ (ఒక చివర సపోర్టు దాటి బయటికి పొడుచుకొచ్చిన దూలం) ప్రశ్నలో రెండు సెక్షన్లూ ఒకే చోట చతికిలబడ్డాయి. 4.4 ఇచ్చినవాళ్లకి కూడా అది రాలేదు. ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఎక్కడా దాని ఊసే లేదు.

అదే సమయంలో మా ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే విభాగం) వాళ్లు, కావాలనుకున్నవాళ్లు సహోద్యోగిని క్లాసులో కూర్చోబెట్టుకుని రిపోర్టు రాయించుకోవచ్చన్నారు. దానికి పాయింట్లు లేవు కాబట్టి పెద్దగా ఎవరూ ముందుకు రాలేదు. నేను సివిల్‌లో సీనియర్ ప్రొఫెసర్ ఒకాయన్ని అడిగాను. మా సబ్జెక్టు ఆయనకి కొట్టినపిండి, కానీ మా డిపార్ట్‌మెంట్ రాజకీయాలతో పని లేదు. కావాలనే బీ సెక్షన్‌కి రమ్మన్నాను. ఆయన వచ్చి వెనక బెంచీలో ఒక కుర్రాడి పక్కన సర్దుకుని కూర్చున్నారు. పిల్లలు ఐదు నిమిషాలు బిగుసుకున్నారు, తర్వాత మర్చిపోయారు.

ఆ రోజు రెండు సపోర్టుల మధ్య లోడున్న బీమ్ చేసి, తర్వాత ఓవర్‌హ్యాంగ్ చేశాను. "అర్థమైందా?" అన్నాను. "అయింది మేడమ్" అని క్లాసంతా ఒకే గొంతుతో అన్నారు. బెల్లు కొట్టాక ఆయన తన నోట్‌బుక్కు కాకుండా ఆ కుర్రాడి నోట్సు పట్టుకుని వచ్చారు.

"అమ్మా, బోర్డు మీద నువ్వు వేసింది వీడు చక్కగా దించుకున్నాడు. తర్వాత చేసుకోమని ఇచ్చిన లెక్క చూడు."

లోడు బయటికి పొడుచుకొచ్చిన చివర ఉంది, ఇంకెక్కడా లేదు. బెండింగ్ మొమెంట్ (బీమ్‌ని వంచే ప్రభావం) ఆ పక్క సపోర్టు దగ్గర గరిష్ఠంగా ఉండాలి, అదీ గీతకి కింద. వాడు మాత్రం సపోర్టుల మధ్య, నడిమధ్యన, గీతకి పైన చక్కటి త్రిభుజం వేశాడు. స్కేలు పెట్టి, పెన్సిల్‌తో, నీటుగా. మొదటి లెక్క బొమ్మే మళ్లీ వేశాడన్నమాట. ఆయన ముందు బెంచీలో ఇద్దరివి కూడా తొంగి చూశారట, అవీ అంతే. "వీళ్లు లోడు చూడట్లేదు, బొమ్మ గుర్తుపెట్టుకుంటున్నారు. బీమ్ ఎటు వంగుతుందో ముందు చేత్తో గీయించు, లెక్క తర్వాత" అన్నారు. ప్లాస్టిక్ స్కేలు ఒకటి తీసుకుని, టేబుల్ అంచు మీద ఆన్చి, చివర వేలితో నొక్కి చూపించారు. స్కేలు వంపు కిందికి కాదు, పైకి పొంగింది.

ఆయన రిపోర్టు ఒక పేజీ. మార్కులు లేవు. నా సర్వీసులో నా పాఠం గురించి ఎవరైనా రాసిన పనికొచ్చే కాగితం అదొక్కటే అనిపించింది.

అప్పటి నుంచి పిల్లల ఫీడ్‌బ్యాక్ మీద నా కోపం కొంచెం పక్కకి తిరిగింది. తప్పు వాళ్లది కాదు, వాళ్లని అడిగే ప్రశ్నలది. 'సబ్జెక్టు మీద అధ్యాపకుల పట్టు' అన్న ప్రశ్నకి, ఆ సబ్జెక్టు మొదటిసారి వింటున్న కుర్రాడు ఏం చెప్పగలడు? సిలబస్ ఎంత అయింది, టైముకి వస్తున్నారా, వెనక బెంచీకి వినపడుతోందా అని అడిగితే వాళ్లకంటే బాగా ఎవరూ చెప్పలేరు. కాలేజీలకి గ్రేడులిచ్చే నాక్ వాళ్లు విద్యార్థులకి పంపే సర్వేలో మొదటి ప్రశ్న సిలబస్ ఎంత శాతం పూర్తయిందనే. అది సరైన చోట అడిగిన సరైన ప్రశ్న. బీ సెక్షన్ కామెంట్లు మళ్లీ చదివితే అలాంటివి రెండు దొరికాయి కూడా. 'ఫ్యాన్ సౌండ్‌లో వినపడదు', 'కుడి పక్క బోర్డు మీద ఎండ పడి మెరుస్తుంది'. గది మార్పించాను. దానికి సంజాయిషీ కంటే ఎక్కువ సంతకాలు కావాల్సి వచ్చింది.

కమిటీ ముందు మాత్రం పెద్ద నాటకమేం జరగలేదు. బయటి నుంచి వచ్చిన నిపుణుడు కోర్స్ ఫైల్ గబగబా తిరగేసి, బీ సెక్షన్ స్కోరు దగ్గర ఆగి ఎందుకు తగ్గిందన్నారు. ప్రశ్నవారీ మార్కుల షీటూ, సివిల్ సార్ రాసిన పేజీ ముందు పెట్టాను. షీటు చూశారు, పేజీ చదివారు, "పాయింట్లలో దీన్ని కలపడానికి కాలమ్ లేదండీ" అన్నారు. కాలమ్ లేని మాట నిజమే. క్లాసుల 25లో నాకు దాదాపు పూర్తిగా వచ్చాయి. ఫీడ్‌బ్యాక్‌లో బీ సెక్షన్ దెబ్బ కొట్టినా, రెండింటి సగటుతో గట్టెక్కాను.

ఈ ఏడాది దరఖాస్తు పెట్టుకోబోయేవాళ్లు అడ్జస్ట్‌మెంట్ క్లాసుల జెరాక్సులు ఏ నెలకానెల తీసి పెట్టుకోండి. సెమిస్టర్ నాలుగో వారంలో పేర్లు లేని చీటీలు పంచి, 'ఏది వినపడట్లేదు, ఏది కనపడట్లేదు, ఏ లెక్క దగ్గర ఆగిపోయారు' అని మూడే అడగండి. అవి ఫైల్లో పెట్టాల్సిన పని లేదు, ఎవరూ అడగరు కూడా. నేను ఇప్పుడు రెండు సెక్షన్లకీ ఇస్తున్నాను. పోయినసారి ఎక్కువ చీటీల్లో వచ్చింది కాంట్రాఫ్లెక్షర్ పాయింట్, అంటే బీమ్ వంపు ఇటు నుంచి అటు తిరిగే చోటు.